చదరపు గజంలో ఎన్ని అడుగులు?

(ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం పూట పాఠకుల సభలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, వెనకాల కుర్చీలున్నాయి. నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు "లెక్కల మాస్టారని పరిచయం చేయమంటారా" అని అడిగారు. అంత పని చేయకండి బాబూ అన్నాను. నేను పత్రికలో సబ్ ఎడిటర్‌ని. పదో తరగతి లెక్కల్లో నాకు 36 మార్కులు. 35 వస్తే పాసు. ఆ పైన ఒక్క మార్కు ఎవరు దయతలచి వేశారో ఇప్పటికీ తెలియదు. (నవ్వులు) ఆ తర్వాత ఇంటర్లో హెచ్ఈసీ, డిగ్రీలో బి.ఎ. తెలుగు. లెక్కలు ఎదురుపడని సందు ఎక్కడుంటే అక్కడ దూరాను.

అయిదేళ్ల కిందట శివార్లలో 150 గజాల ప్లాటులో ఇల్లు మొదలుపెట్టాం. మేస్త్రీ అంచనా చెబుతూ "ప్లాటు 1350 అడుగులు సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. గజానికి మూడడుగులు కదా, 150 మూళ్లు 450. ఈయన మూడింతలు చెబుతున్నాడేమిటి? గట్టిగానే అడిగాను. మా ఆవిడ ముందు, మా బావమరిది ముందు, ఇద్దరు కూలీల ముందు. మేస్త్రీ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కిందకి వంగి, పుల్ల తీసుకుని ఇసుకలో ఒక గీత గీశాడు. "గజం పొడుగు మూడడుగులు సార్. మరి అడ్డం?" అన్నాడు. అడ్డం కూడా మూడే అన్నాను. అంటూ ఉండగానే సంగతి తెలిసిపోయింది. ఆయన మాత్రం ఆపకుండా నిలువు గీతలు రెండు, అడ్డగీతలు రెండు గీసి, "లెక్కపెట్టుకోండి" అని సిమెంటు బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు. తొమ్మిది గళ్లు. 150 తొమ్మిదులు 1350.

మీరు నవ్వుతున్నారు గానీ, నా బాధ వేరు. భూముల వార్తలు, ఎకరాలు, గజాలు, అడుగులు రోజూ దిద్దేది నేనే. ఎన్ని తప్పులు నా చేతిమీదుగా అచ్చయ్యాయో భగవంతుడికే తెలియాలి.

ఆ రాత్రి చాక్‌పీసుల డబ్బా కొన్నాను. అప్పట్లో మేముంటున్నది అద్దె ఇల్లు, పైన డాబా ఉండేది. మా అబ్బాయి ఏడో తరగతి. వాడికి తెలియకూడదని వాడు పడుకున్నాక పైకెళ్లేవాణ్ని. మొదట టేపు పెట్టి నిజంగా ఒక గజం పొడుగు, గజం వెడల్పు గడి గీశాను. లోపల తొమ్మిది అడుగుల గళ్లు. తర్వాత రెండు గజాల పొడుగు, రెండు గజాల వెడల్పు గీశాను. నా గడి లాంటివి అందులో రెండు పట్టాలి కదా? నాలుగు పట్టాయి. మూడు గజాలైతే తొమ్మిది. పొడుగు రెట్టింపైతే స్థలం నాలుగింతలవుతుందని పాఠంలో చదివే ఉంటాను, చదవకుండా ఎలా ఉంటాను. ఆ రాత్రి మాత్రం దాని మీద కూర్చున్నాను. దోశ రెట్టింపు వెడల్పు వేస్తే పిండి నాలుగు గరిటెలు ఎందుకు పడుతుందో మా అమ్మకు ఎప్పుడో తెలుసు. ఇంకోటి కూడా చెబుతాను, పిల్లలతో వెళ్లినప్పుడు పనికొస్తుంది. 8 అంగుళాల పిజ్జాలు రెండు కలిపినా 12 అంగుళాల పిజ్జా ఒక్కదానికి సరిపోవు. ఎనిమిది ఎనిమిదులు 64, రెండు కలిపితే 128. పన్నెండు పన్నెండ్లు 144.

అక్కడి నుంచి గుంట దగ్గరకు వచ్చాను. ఇక్కడ చాలామందికి ఊళ్లో పొలాలున్నాయి కదా. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఈ 121 ఏమిటి? 100 పెట్టొచ్చు, 120 పెట్టొచ్చు, ఈ వంకర అంకె ఎక్కడిది? చిన్నప్పటి నుంచి వింటున్నాను, ఎన్నడూ అడగలేదు. గుంట అంటే నాలుగు పక్కలా 33 అడుగులు. అంటే 11 గజాలు. పదకొండు గజాల పొడుగు, పదకొండు గజాల వెడల్పు. అంతే.

ఇప్పుడు ఈ బోర్డు చూడండి. పదకొండుని 10, 1 కింద విడగొడుతున్నాను. నిలువునా అలాగే, అడ్డంగా అలాగే. గుంట నాలుగు ముక్కలైంది. పెద్ద ముక్క పదికి పది, 100 గజాలు. కుడిపక్కన పది గజాల పట్టీ. కింద ఇంకో పది గజాల పట్టీ. మూల మీద ఒకే ఒక్క గజం. 100, 10, 10, 1. ఇదండీ 121.

ఇది చూసి నేను డాబా మీద నిలబడిపోయాను. ఎందుకంటే ఇది నాకు తెలిసినదే. "ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఈజీక్వల్టు ఎ స్క్వేర్ ప్లస్ టూ ఎబి ప్లస్ బి స్క్వేర్". ఆంజనేయ దండకంలా చదివేవాళ్లం. ఆ మధ్యలో "టూ ఎబి" నాకు ఎప్పుడూ జారిపోయేది. ఎ స్క్వేర్ ఉంది, బి స్క్వేర్ ఉంది, చాలదా? ఈ టూ ఎబి ఎక్కడి నుంచి ఊడిపడింది? దాని కోసం తిన్న దెబ్బలు లెక్కపెడితే అదో శ్రేఢి. టూ ఎబి అంటే ఇవిగో, ఈ రెండు పట్టీలు. మర్చిపోతే సూత్రం తప్పవడం సంగతి అలా ఉంచండి, మీ పొలంలో ఇరవై గజాలు పక్కవాడు కలిపేసుకున్నట్టే. నేలమీద చూశాక ఎవడైనా మర్చిపోతాడా? గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథం రెండో భాగంలో ఈ ముక్కని బొమ్మగానే చెప్పాడు, సుమారు 2300 ఏళ్ల కిందట. ఎ, బి అక్షరాలతో ఇలా సూత్రం రాసే పద్ధతి అప్పటికి లేనేలేదు. మనం తర్వాత పుట్టిన అక్షరాలను ముందు నేర్చుకున్నాం, బొమ్మ దాకా వెళ్లనే లేదు.

మాస్టార్లను తప్పుపట్టడానికి రాలేదు. అరవై మంది పిల్లలు, నలభై నిమిషాలు, ముందు హాజరు పిలవాలి. నేనైనా దండకమే చదివించేవాణ్ని.

మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందని మా అబ్బాయి అడిగాడు ఒకరోజు. "రూలు అంతే" అన్నాను. మా నాన్న నాకు చెప్పింది అదే. కానీ డాబా ఉంది కదా, రాత్రి పైకి వెళ్లాను. ఈసారి పదికి పది గడి గీసి, కుడిపక్క నుంచి ఒక గజం పట్టీ, కింద నుంచి ఒక గజం పట్టీ తీసేశాను. మిగిలేది తొమ్మిదికి తొమ్మిది, 81. అది తెలిసిన సంగతే. లెక్క చూడండి. 100లోంచి పక్క పట్టీ 10 తీశాను, 90. కింద పట్టీ 10 తీశాను, 80. కానీ ఉండాల్సింది 81. ఆ ఒక్కటి ఎక్కడ పోయింది?

(సభలో ఒకరు: "మూల!")

అదీ. మీరు నాకంటే నయం, నాకు అరగంట పట్టింది. మూల గజం పక్క పట్టీలోనూ ఉంది, కింద పట్టీలోనూ ఉంది. ఉన్నది ఒక్కటే, నేను తీసింది రెండుసార్లు. ఒకసారి తిరిగి ఇచ్చేయాలి. మైనస్ ఒకటి ఇంటూ మైనస్ ఒకటి ప్లస్ ఒకటి అంటే ఆ తిరిగిచ్చిన గజం. మర్నాడు పొద్దున్నే వాణ్ని డాబా మీదకు తీసుకెళ్లి చూపించాను. "రోజూ రాత్రి ఇక్కడికేనా వచ్చేది? అమ్మ నువ్వు సిగరెట్ కోసం వెళ్తున్నావనుకుంటోంది" అన్నాడు. (నవ్వులు)

తెలుగు చదువుకున్నవాణ్ని కాబట్టి మాటల మీదకు మనసు పోతుంది, క్షమించాలి. మనం బడిలో అయిదు వర్గం 25 అన్నాం, 25 వర్గమూలం 5 అన్నాం. వర్గం అంటే ఏమిటి? నాకు వర్గం అంటే కులవర్గం, వర్గపోరు. ఆర్యభటుడు ఆర్యభటీయంలో సూటిగా చెప్పాడు, "వర్గః సమచతురశ్రః" అని. నాలుగు సమానమైన అంచులున్న ఆకారం వర్గం, దాని వైశాల్యం కూడా వర్గమే, సమానమైన రెండు సంఖ్యల గుణకారమూ వర్గమే. 25 గళ్ల చతురస్రం ఏ అంచు మీద నిలబడుతుందో ఆ అంచు దాని మూలం. మాట లోపల బొమ్మ ఉంది. పదేళ్లు ఆ మాట వాడి, ఒక్కసారీ బొమ్మ చూడలేదు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, బి.ఎ.లో పావులూరి మల్లన మీద రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు అని రాసి రెండూ కొట్టేశాను. ఆ పద్యాల్లో ఒక్క లెక్కయినా చేసి చూద్దామని తోచలేదు. పద్యమైతే ఛందస్సు చూడటమే తెలుసు మనకు.

సరే, ఈ బొమ్మతోనే ఇంకొక్కటి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త చేసిన లెక్క. ఒక చతురస్రం పొలం ఉంది, అంచు ఎంతో తెలియదు. దానికి, అదే అంచు పొడుగున్న గజం వెడల్పు పట్టీలు పది కలిపితే మొత్తం 39 గజాలయింది. అంచు ఎంత? బడిలో ఇది వర్గ సమీకరణం. నాకు దాని పేరు వింటేనే టెన్షన్. ఆయన చేసింది చూడండి. పది పట్టీలను సగం చేశాడు. అయిదు కుడిపక్కన అతికించాడు, అయిదు కింద అతికించాడు. ఇందాకటి గుంట బొమ్మే కదా? ఒక్కటి తక్కువ. మూల ఖాళీగా ఉంది. ఆ మూల అయిదుకి అయిదు, 25. అది మనం పూడుద్దాం. 39, 25 కలిపితే 64. ఇప్పుడు నిండు చతురస్రం వచ్చింది, దాని అంచు 8. అందులో అయిదు మనం అతికించినవి. పోతే 3. పొలం అంచు 3. సరిచూసుకోండి, మూడు మూళ్లు 9, పది పట్టీలు ఒక్కొక్కటి మూడు గజాలు, 30. మొత్తం 39.

పాఠ్యపుస్తకంలో "ఇరువైపులా బి/2 వర్గాన్ని కలుపుము" అని ఉంటుంది. ఎందుకు కలపాలి? మూల ఖాళీగా ఉంది కాబట్టి. ఆ ఒక్క ముక్క ఎవరైనా అప్పుడు చెప్పి ఉంటే నాకు 36 కాదు, 46 వచ్చేవి.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న కాగితాలు తీయండి. ఇందాక తలుపు దగ్గర ఇచ్చినవి. ఒకసారి మడవండి. అర. మళ్లీ మడవండి. పావు. ఇంకోసారి. అరపావు. ఇంకోసారి, ఇక్కడ కాస్త గట్టిగా నొక్కాలి. ఇదేమిటి? పదహారో వంతు. మన పాతవాళ్లు దీన్ని వీసం అన్నారు. వాడికి వీసమెత్తు బుద్ధి లేదంటాం చూశారా, ఈ ముక్కంత కూడా లేదని. కాగితం విప్పండి. పదహారు వీసాలు కనబడుతున్నాయా? ఇప్పుడు ముప్పావు కాగితంలో అరపావులు ఎన్ని ఉన్నాయో చెప్పండి.

(సభ నుంచి: "ఆరు.")

ఆరు. మీరు చేసింది మూడు బై నాలుగు డివైడెడ్ బై ఒకటి బై ఎనిమిది. భిన్నాన్ని భిన్నంతో భాగహారం. తిరగేసి గుణించు అనే రూలు ఎవరైనా వాడారా? కూరగాయల బండి దగ్గర అరపావు పచ్చిమిరపకాయలు అడిగే మనిషే బోర్డు మీద 1/8 అని రాస్తే ఎందుకు బిగుసుకుపోతాడు? అది గీతకింద అంకె రాసిన దోషం అనుకుంటాను నేను. మా అమ్మ అయిదో తరగతి. ముప్పావులో అరపావులు ఎన్నంటే కూర తరుగుతూ చెబుతుంది.

మళ్లీ మేస్త్రీ దగ్గరికి వెళ్దాం. పునాదికి ముగ్గు పోసిన రోజు మూలలు మట్టానికి, అంటే లంబకోణంలో, ఉన్నాయో లేదో ఎలా చూశాడో తెలుసా? మూల నుంచి ఒక దారం మీద మూడడుగులకు గుర్తు, రెండో దారం మీద నాలుగడుగులకు గుర్తు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టాడు. అయిదడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. అర అంగుళం తక్కువొచ్చింది, మేకు పీకి జరిపాడు. మూడు, నాలుగు, అయిదు. పైథాగరస్. ఇది మనకు దారాల మీద నడిచిన విద్యే. యజ్ఞవేదికలు కట్టడానికి రాసుకున్నవి శుల్బసూత్రాలు, శుల్బం అంటేనే తాడు. దీర్ఘచతురస్రం కర్ణం మీద తాడు ఎంత వైశాల్యం చేస్తుందో, రెండు భుజాలూ వేరువేరుగా చేసేవి కలిపితే అంత అని బౌధాయనుడు చెప్పాడు. పొడుగుల గురించి కాదు, వాటి మీద నిలబడే చతురస్రాల గురించి చెప్పాడు. అదీ గమనించాల్సింది.

ఎందుకు అలా అవుతుందో నేను పాత శుభలేఖలతో తేల్చుకున్నాను. శుభలేఖ అట్ట గట్టిగా ఉంటుంది, మనకు ఏడాదికి నలభై వస్తాయి. 3, 4, 5 సెంటీమీటర్ల త్రికోణాలు నాలుగు కోశాను. ఏడు సెంటీమీటర్ల చతురస్రం ఒక కాగితం మీద గీశాను. నాలుగు త్రికోణాలనూ నాలుగు మూలల్లో, మట్టం మూల బయటికి వచ్చేలా పెట్టాను. మధ్యలో ఖాళీ మిగిలింది, కాస్త ఒరిగిన చతురస్రం. దాని అంచు ఏటవాలు అంచే, 5. తర్వాత అవే త్రికోణాలను జరిపాను. రెండు కలిపి ఒక దీర్ఘచతురస్రం, ఇంకో రెండు కలిపి ఇంకొకటి, ఎదురెదురు మూలల్లో. ఇప్పుడు ఖాళీ రెండు ముక్కలైంది. ఒకటి మూడుకి మూడు, ఒకటి నాలుగుకి నాలుగు. పెట్టె మారలేదు, త్రికోణాలు మారలేదు, ఖాళీ ఎలా మారుతుంది? 25 అంటే 9, 16. ఆ అట్టముక్కలు అటు జరిపి, ఇటు జరిపి ఓ గంట ఆడాను. మా ఆవిడ వచ్చి చూసి, ఏమీ అనకుండా లైటు ఆపమని చెప్పి వెళ్లింది. ఇక్కడ 3, 4 అన్న అంకెలకు పనేమీ లేదు, మట్టం మూల ఉన్న ఏ త్రికోణంతోనైనా ఇదే ఆట. అది తెలిసిన క్షణం, నా నలభై ఏళ్లలో మొదటిసారి, ఒక లెక్క నిజమని ఎవరి టిక్కూ అక్కర్లేకుండా నాకు నేను ఒప్పుకున్నాను.

ఇంతవరకూ విని, బొమ్మ గీస్తే చాలు, అంతా అయిపోతుందని అనుకోకండి. నేనూ అనుకున్నాను. కొన్నాళ్లు ఎవరు దొరికినా కాగితం మడిచి చూపించాను, చుట్టాలు తప్పించుకు తిరిగారు. అప్పుడు ఈ ముక్క తగిలింది.

గ్రాఫ్ కాగితం మీద ఎనిమిదికి ఎనిమిది చతురస్రం. 64 గళ్లు. దాన్ని 8కి 3, 8కి 5 పట్టీలుగా కోయండి. చిన్న పట్టీని మూల నుంచి మూలకు కోస్తే రెండు త్రికోణాలు. పెద్ద పట్టీని ఒక పొడుగు అంచు మీద 5 దగ్గర, ఎదుటి అంచు మీద అదే కొస నుంచి 3 దగ్గర గుర్తు పెట్టి ఏటవాలుగా కోస్తే రెండు ముక్కలు. మొత్తం నాలుగు. వీటిని తిప్పి పేరిస్తే 5కి 13 దీర్ఘచతురస్రం వస్తుంది. అయిదు పదమూళ్లు?

(సభ: "65.")

64 గళ్ల కాగితం 65 అయింది. నేను కోసిన కాగితం, నా కళ్ల ముందు. రెండు రాత్రులు నిద్ర లేదంటే నమ్మండి. మైనస్ ఇంటూ మైనస్, గుంట, అల్ ఖ్వారిజ్మీ, అన్నీ కళ్లతోనే నమ్మాను కదా. ఇప్పుడు ఆ కళ్లే 64ను 65 అంటుంటే, ముందు నమ్మినవన్నీ ఏమైనట్టు? పేర్చినప్పుడు మధ్యలో ముక్కలు సరిగ్గా అతకలేదు, సన్నటి సందు కనిపించింది. అది నా కత్తెర వంకర అనుకున్నాను. మళ్లీ కోశాను. మళ్లీ సందు. నా చేతి మీద నాకున్న అపనమ్మకం అంతటిది, తప్పు నాదే అనుకోవడం నాకు బడి నుంచి అలవాటు.

అప్పటికి మా అబ్బాయి ఎనిమిదిలోకి వచ్చాడు. వాడు చార్టు మీద పెద్దగా, అంగుళం గళ్లతో కోశాడు. టేపుతో అతికించి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకున్నాడు. మూల నుంచి మూలకు సన్నగా వెలుతురు గీత. రెండు కొసల్లో ఏమీ లేదు, నడుమ కాస్త లావు. "నాన్నా, ఇది నీ కత్తెర కాదు" అన్నాడు.

కూర్చుని లెక్కేశాం. త్రికోణం ఎనిమిది గళ్లు నడిస్తే మూడు ఎక్కుతుంది. రెండో ముక్క అయిదు నడిస్తే రెండు ఎక్కుతుంది. రెండూ నలభై గళ్లు నడిచాయనుకోండి. ఒకటి 15 ఎక్కుతుంది, ఒకటి 16. ఆ రెండు అంచులూ కలిసి ఒకే గీత కావు. కంటికి ఒకటిగా కనిపిస్తాయి. ఆ వెలుతురు గీత వైశాల్యం మొత్తం సరిగ్గా ఒక గడి. శుభలేఖ ముక్కలతో నేను ఆడిన ఆటలో ఆ మధ్య ఖాళీ నిజంగా చతురస్రమేనా, దాని మూలలు మట్టంగా ఉన్నాయా అని నేను చూడనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు దాన్ని మొదటి నుంచి సరిచూసుకున్నాను. త్రికోణంలో మిగతా రెండు కోణాలూ కలిపితే ఒక మట్టం మూల, కాబట్టి సరళరేఖలో మిగిలేది కూడా మట్టమే. అది నిలబడింది.

నేను ఇప్పటికీ పదిహేడో ఎక్కం తడుముకుంటాను, వడ్డీ లెక్క వస్తే ఫోన్ తీస్తాను, అది వేరే రోగం. త్రికోణమితి మొదలుపెట్టి నాలుగు నెలలైంది, సగంలో ఉంది.

ప్రశ్నలుంటే తర్వాత తీసుకుంటాను. ముందు ఆ బల్ల మీద గ్రాఫ్ కాగితాలు పెట్టాను, ఎవరి 64 గళ్లు వాళ్లు కోసుకోండి. కత్తెరలు రెండే ఉన్నాయి, మూడోది మా ఆవిడ ఇవ్వలేదు, కాబట్టి వంతులవారీగా రండి.